శుక్రవారం పడమటికి పోయినాయప్ప

మొన్న బెంగుళూరులో ఒక స్నేహితుడి ఇంటికి వెళ్ళాను. పరాయి దేశాల తపాలా బిళ్ళలు సేకరించి దాచుకోవడం ఆయనకు సరదా. కాఫీ వచ్చేలోగా బరువైన ఆల్బం ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. ఒక పేజీ నిండా నావికులే. వాళ్ళ జ్ఞాపకార్థం ఏవేవో దేశాలు వేసిన బిళ్ళలు. వాటిలో ఒకాయన వెడల్పు టోపీ పెట్టుకుని, కళ్ళు కొంచెం కిందికి దించి ఉన్నాడు. వెనకాల తెరచాప ఎత్తిన ఓడ.

"ఈయనెవరో చెప్పుకోండి చూద్దాం" అన్నాడు స్నేహితుడు.

జన్మంతా చరిత్ర పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. అమెరికా దారి పట్టిన ఆ మహానావికుడి పేరు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కానీ నా నోట్లోంచి వచ్చింది వేరే పేరు.

"శుక్రవారమప్ప" అన్నాను.

స్నేహితుడు నా మొహంలోకి వింతగా చూశాడు. నాకు నవ్వొచ్చింది. ఆ పేరు పెట్టిన మనిషి పోయి చాలా కాలమైంది. ఆ పేరు ఎందుకొచ్చిందో తెలిసినవాళ్ళు ఇప్పుడు నేను తప్ప ఇంకెవరూ ఉండరనుకుంటాను.

ఆ పేరు పెట్టినాయనకు చిక్కబళ్ళాపురం బజారువీధిలో కిరాణా అంగడి ఉండేది. ఊరంతా శెట్టప్ప అనే పిలిచేవారు. ఆ వీధిలో రాయి విసిరితే ఏదో ఒక శెట్టప్పకు తగిలేది కాబట్టి, మిగతావాళ్ళ నుంచి వేరు చేయడానికి ఈయనను దిక్కుల శెట్టప్ప అనేవారు. ప్రయాణం కట్టినవాడు ఎవడైనా సరే, ముందు ఆయన అంగడి మెట్టు దగ్గర ఆగాల్సిందే. ప్రయాణమయ్యేవాణ్ణి "ఎక్కడికి" అని అడగకూడదు కదా, అశుభం. అడగకపోతే ఈయనకు తోచదు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టుకున్నాడు. తక్కెడ పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఆపి, గడ్డం ఒకసారి పైకెత్తి, "మొగం ఏ దిక్కప్పా?" అనేవాడు. దిక్కు చెబితే ఆ రోజు వారశూల ఉందో లేదో ఆయన చెప్పేవాడు. సోమ శనివారాలు తూర్పుకు కూడదు, ఆది శుక్రవారాలు పడమటికి కూడదు, మంగళ బుధవారాలు ఉత్తరానికి కూడదు, గురువారం దక్షిణానికి కూడదు. ఇది పంచాంగం తెరిచి చూసి చెప్పేవాడు కాదు, బెల్లం తూచినంత సులువుగా చెప్పేవాడు.

అరవైల మొదట్లో నాకు అక్కడి హైస్కూల్లో చరిత్ర మేష్ట్రుగా ఉద్యోగం వచ్చింది. మాది చింతామణి తాలూకాలో కెంచార్లహళ్ళి, సేద్యగాళ్ళ ఇల్లు. ఆయన అంగడి ఉన్న వీధికే ఉత్తరపు కొసన ఒక ఇల్లు బాడుగకు తీసుకుని నేనూ నా భార్యా కాపురం పెట్టాం. శనివారం సగం బడి. బడి వదలగానే సంచీ భుజాన వేసుకుని మా ఊరికి బస్సెక్కడం, ఆదివారం సాయంత్రానికి తిరిగి రావడం నాకు అలవాటు.

మొదటి శనివారమే పట్టుబడ్డాను.

"మేష్ట్రప్పా, మొగం ఏ దిక్కు?"

"చింతామణి పక్కకు."

"శనివారం తూర్పుకా!" తక్కెడలో కందిపప్పు అలాగే నిలిచిపోయింది. "మళ్ళా వచ్చేదెప్పుడు?"

"రేపే."

"ఆదివారం పడమటికి! పోయేదీ శూలకే, వచ్చేదీ శూలకే. చదివినోడివి, నీకు చెప్పేవాళ్ళు ఎవురూ లేరా?"

నాకు బడి రజా ఉండేది ఆ రెండు దినాలే కదా అంటే ఆయనకు నచ్చలేదు. అప్పటి నుంచి ప్రతి సోమవారం పొద్దున నేను బడికి వెళ్తుంటే అంగట్లోంచి బయటికొచ్చి, నన్ను తల నుంచి కాళ్ళ దాకా పరీక్షగా చూసేవాడు. "బాగుండావా?" అనేవాడు. బాగున్నానంటే ఆయన ముఖంలో ఒక రకమైన నిరాశ కనిపించేది. ఒకసారి శిడ్లఘట్ట దగ్గర బస్సు చక్రం పంక్చరై ఎండలో నిలబడాల్సి వచ్చిందని చెప్పాను. "అదీ!" అని తొడ చరిచి, లోపలికి వెళ్ళి ఒక అచ్చు బెల్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు. నా మీద కోపం లేదు, పాపం. నేను క్షేమంగా ఉండడమే ఆయనకు ఇబ్బందిగా ఉండేది. ఎందుకో అప్పట్లో నాకు తెలియదు.

ఆయన కూర్చునే గద్దె వెనక గోడకు ఒక అట్ట వేలాడుతుండేది. ఏనాటిదో దేవుడి క్యాలెండరు, తేదీల కాగితాలన్నీ అయిపోయాక మిగిలిన అట్ట. దాని నిండా తపాలా బిళ్ళలు అంటించి ఉండేవి. పొట్లాలు కట్టడానికి ఆయన బెంగుళూరు నుంచి పాత చిత్తు కాగితాలు తెప్పించేవాడు. అందులో ఏవో పట్టు వ్యాపారం చేసే కంపెనీలకు విదేశాల నుంచి వచ్చిన కవర్లు కూడా వచ్చేవి. ఆ కవర్ల మీది బిళ్ళల్లో ఓడ బొమ్మ ఉన్న మనుషులను మాత్రం కత్తిరించి, మైదా పిండి గంజితో అట్టకు అంటించేవాడు. రాజులూ రాణులూ పూలూ పక్షులూ ఆయనకు అక్కర్లేదు. నా స్నేహితుడు ఆ మైదా గంజి సంగతి వింటే గుండె పట్టుకుంటాడు.

"వీళ్ళెవరో చెప్పు మేష్ట్రప్పా" అన్నాడొకరోజు. "అందరి వెనకా పడవుండాది. ఇంత గొప్పగా బొమ్మ వేసినారంటే యాడికో పెద్ద ప్రయాణమే పోయింటారు."

నేను ఒక్కొక్కరినీ చూపించి చెప్పాను. ఈయన సముద్రం మీద భూమిని చుట్టి రావాలని బయలుదేరాడు. ఈయన ఆఫ్రికా కొస తిరిగి మన మలబారు తీరానికి వచ్చాడు. ఈ వెడల్పు టోపీ ఆయన మన దేశానికే రావాలని పడమటి దారి పట్టాడు.

ఆయన విన్నాడు. సముద్రం ఎంత పెద్దదో అడగలేదు, ఓడలెన్నో అడగలేదు. "ఏ వారం బైలుదేరినారు?" అని అడిగాడు.

నాకు నవ్వొచ్చింది. అయినా బడి లైబ్రరీలో ఒక లావుపాటి పుస్తకం వెతికి పట్టుకున్నాను. టోపీ ఆయన బయలుదేరిన వారం అందులో ఉంది. శుక్రవారం. నిజంగానే శుక్రవారం, దిక్కు పడమర.

ఆ మాట చెప్పినప్పుడు శెట్టప్ప ముఖం చూడాలి. గద్దె దిగి నిలబడ్డాడు. "శుక్రవారం పడమటికా? ఏమాయె ఆయప్పకు?"

"మన దేశం రావాలనుకున్నాడు, రాలేదు. ఇంకో దేశం చేరి, చచ్చేదాకా అదే మన దేశం పక్కనుందనుకున్నాడు. తరవాతొక ప్రయాణంలో సంకెళ్ళు వేసి తెచ్చారు."

"సంకెళ్ళు! చూస్తివా మేష్ట్రప్పా? అనుకున్న తావు చేరనేలేదు! ముందుదినం గురువారమే ఒక మూట పడమటి పక్క ఎవురింట్లోనైనా పెట్టింటే ఇంత జరిగుండునా?"

మూట అంటే పరస్థానం. మంచి ఘడియ ఉన్న రోజు మనం కదల్లేకపోతే, ఒక బట్టలో నాలుగు పసుపు బియ్యం గింజలు, ఒక వక్క పెట్టి, వెళ్ళే దిక్కున ఉన్న ఎవరింట్లోనైనా ఉంచుతారు. ఆ మూట బయలుదేరితే మనం బయలుదేరినట్టే లెక్క. తరవాత ఏ వారం కదిలినా శూల తగలదు. ఆ మహానావికుడికి ఎదురింట్లో మూట పెట్టమని సలహా చెప్పేవాడు లేకపోయాడే అని శెట్టప్ప ఆ వారమంతా వచ్చినవాళ్ళందరి దగ్గరా బాధపడ్డాడు. శుక్రవారమప్ప అనే పేరు అప్పుడు పుట్టిందే.

నేను ఇంటికొచ్చి ఇదంతా నా భార్యకు అభినయించి చూపి నవ్వించాను. మర్నాడు చింతపండు కోసం అంగడికి వెళ్తే ఆయన లేడు, ఆయన భార్య కూర్చుని ఉంది. వీధికి ఆమె శెట్టమ్మ. మాట తక్కువ మనిషి. చింతపండు పొట్లం కట్టి, ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుంది.

"మేష్ట్రప్పా, ఆయన జతలో నవ్వుతావు, నవ్వు. కానీ ఆ దినాలు చెప్పేటప్పుడు బాగా చూసుకొని చెప్పప్పా."

"యాలమ్మా, ఏమైంది?"

"మా పెద్దపాపను బాగేపల్లికి ఇచ్చింటిమి. రెండో కాన్పు అక్కడే. బిడ్డ అడ్డం తిరిగినట్లుండాది, ఊరి మంత్రసానికి చేత కాలేదు, ఆసుపత్రి నర్సమ్మను పిలుచుకొని తడవు చేయకుండా బిన్నా రాండని మనిషి వచ్చె. బుధవారం. బాగేపల్లి మనకు ఉత్తరం కదా. రేపు తెల్లారే పోదామన్నాడు ఈయన. తెల్లారే పోతిమి. అప్పటికే అంతా ముగిసిపోయుండె."

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. పొట్లం దారం మళ్ళీ ఒకసారి బిగించింది.

"ఆ పొద్దే పోయుంటే శూల తగిలి దోవలో మనకేమాయెనో అంటాడు. అదే నిజమని ఎవురైనా చెప్పాల ఆయనకు. ఇన్నేండ్లాయె, ఎవురు చెప్పినా చాల్లేదు. ఇప్పుడు ఆ స్టాంపుల్లో వాళ్ళతో చెప్పించుకుంటాండాడు."

నా నవ్వు ఆ మెట్టు మీదే ఆగిపోయింది. ప్రతి సోమవారం నన్ను అంత పరీక్షగా ఎందుకు చూసేవాడో తెలిసింది. శూలకు ఎదురెళ్ళి కూడా నేను బాగున్నానంటే, ఆ బుధవారం ఆయన ఇంట్లో కూర్చోవడానికి కారణమే లేకుండా పోతుంది.

ఇది తెలిశాక ఆయన అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడం నాకు కత్తి మీద సాములా తయారైంది. కొన్నాళ్ళకు భూమిని చుట్టబోయిన నావికుడి సంగతి అడిగాడు. ఆయన బయలుదేరింది మంగళవారమని పుస్తకంలో ఉంది. దిక్కు పడమర. తెలియదని తప్పించుకుందామనుకున్నాను. కానీ శెట్టప్ప నా కళ్ళలోకే చూస్తున్నాడు. తూకం వేసేవాడి ముందు తెలియదని అబద్ధమాడడం నా వల్ల కాలేదు.

"మంగళవారం" అన్నాను.

"పడమటికి మంగళవారం మంచి దినమే. బాగా తిరిగొచ్చినాడా?"

"ఓడ తిరిగొచ్చింది శెట్టప్పా. ఆయన రాలేదు. నడుమ ఒక దీవిలో కొట్లాటలో పోయినాడు."

ఎవరో వచ్చి మిరపకాయలు అడిగితే ధనియాలు తూచి ఇచ్చాడు. వాళ్ళు మళ్ళీ వచ్చి గొణుగుతూ మార్చుకుపోయారు. సాయంత్రానికి చూస్తే మంగళవారమప్ప అట్ట మీద లేడు. పీకేసిన చోట తెల్లటి మచ్చ మిగిలింది. మూడో రోజుకు మళ్ళీ అంటించి ఉంది, కొంచెం వంకరగా. ఎందుకు పీకాడో, ఎందుకు మళ్ళీ పెట్టాడో నేను అడగలేదు. తన కోసమైనా దొంగ తూకం వేయడం ఆ మనిషికి చేతకాదనుకున్నాను. నాకు ఆయన మీద గౌరవం కుదిరింది ఆ వంకర బిళ్ళను చూశాకే.

శెట్టప్ప చిన్నకూతురిని కూడా బాగేపల్లికే ఇచ్చారు, వేరే ఇంటికి. ఆ అమ్మాయికి మొదటి కాన్పు పుట్టింట్లోనే సుఖంగా జరిగిందట. నేను వచ్చిన రెండో ఏడు ఆమెకు మళ్ళీ నెలలు నిండాయి. రెండోది అత్తగారింట్లో. అప్పటి నుంచి శెట్టప్ప మా ఇంటికి రాకపోకలు మొదలుపెట్టాడు. మా ఇల్లు ఆయన అంగడికి ఉత్తరాన ఉంది కదా, పరస్థానానికి సరిగ్గా సరిపోయింది. మంచి దినం చూసి, ఉతికిన పంచెలో అక్షతలు కట్టి, మా వంటింటి మూల బియ్యం కడవ పక్కన పెట్టి వెళ్ళేవాడు. ఏ రోజు కబురొచ్చినా శూల అడ్డం రాకూడదని ఏర్పాటు. మూటకూ గడువు ఉంటుంది. గడువు తీరగానే వచ్చి తీసుకెళ్ళి, మళ్ళీ మంచి దినానికి తెచ్చిపెట్టేవాడు.

"మీ శెట్టప్ప సగం మనిషి మన వంటింట్లోనే కాపురం ఉండాడు" అనేది నా భార్య. అయినా ఇల్లు ఊడ్చేటప్పుడు ఆ మూటకు చీపురు తగలనిచ్చేది కాదు.

ఒక మంగళవారం సాయంత్రం గడువు తీరిందని వచ్చి మూట పట్టుకెళ్ళాడు. గురువారం పొద్దున్నే మళ్ళీ తెస్తానన్నాడు.

కబురు బుధవారం వచ్చింది.

నేను బడికి వెళ్తూ అంగడి ముందు మనుషులను చూసి ఆగాను. బాగేపల్లి నుంచి మొదటి బస్సుకు వచ్చిన మనిషి చెప్పవలసింది చెప్పి, చెమట తుడుచుకుంటున్నాడు. రాత్రి నుంచి నొప్పులు, బిడ్డ రావడం లేదు, నర్సమ్మను తోడు తీసుకుని రమ్మన్నారు. శెట్టప్ప గద్దె మీదే ఉన్నాడు. రెండు చేతులూ తక్కెడ పళ్ళేల మీద పెట్టుకుని వాటినే చూస్తున్నాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఏం లెక్క వేస్తున్నాడో నాకు తెలుసు. ఇప్పుడు కదిలితే శూల. తెల్లవారేదాకా ఆగితే మంచి దినం.

లోపల్నుంచి శెట్టమ్మ వచ్చింది. ఆమె చేతిలో ఆ మూట. అందరి ముందూ ముడి విప్పి, పసుపు గింజలు వాకిట్లో దులిపేసి, పంచె ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఇది కట్టుకొని రా. ఆ పొద్దు నీ మాట విని కూచుంటి. ఈ పొద్దు కూచోను. నువ్వు రాకుంటే నేను పోతా."

వాళ్ళ కాపురంలో ఆమె ఆయనకు ఎదురు చెప్పిన మాట అదొక్కటేనేమో. ఆయన తలెత్తి ఆమెను చూశాడు. తరవాత వెనక్కి తిరిగి గోడ మీది అట్టను చూశాడు. చివరికి నన్ను చూశాడు.

"మేష్ట్రప్పా, నీకు శూల అలవాటే కదా. మా జతలో రా."

ఆ గొంతులో వేళాకోళం లేదు. నిజంగా నా చెయ్యి పట్టుకుంటేనే కదలగలిగేలా ఉన్నాడు. బడికి రజా చెప్పమని ఒకరిని పంపి నేనూ బయలుదేరాను.

నర్సమ్మను పిలుచుకుని బస్సెక్కాం. ఆడవాళ్ళు ముందు సీట్లో, మేమిద్దరం వెనక. ఊరు దాటేదాకా ఆయన కళ్ళు తెరవలేదు. పెరేసంద్ర దగ్గర ఇంజను వేడెక్కిందని బస్సు ఆపి నీళ్ళు పోస్తుంటే నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"చూస్తివా" అన్నాడు.

"ఎండకు నీళ్ళు అయిపోయినాయి శెట్టప్పా. పోస్తాండారు, పోతాది."

కాసేపటికి బస్సు కదిలింది. ఆయన మెల్లగా అడిగాడు. "ఆ శుక్రవారమప్పకు భయం కాలేదా?"

"అయ్యే ఉంటాది. ఆయన జతలో వాళ్ళకు ఇంకా ఎక్కువ. వెనక్కి పోదామని గలాటా చేసినారంట."

"మరి ఆయప్ప?"

"వినలేదు."

శెట్టమ్మ వెనక్కి తిరగకుండానే అంది, "వినింటే స్టాంపు మీదికి యాల వస్తాడు?"

నాకు ఆ సమయంలో నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. కానీ నా మణికట్టు వదిలాడు.

బాగేపల్లిలో ఆ ఇంటికి చేరగానే నర్సమ్మ చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. వెనకే శెట్టమ్మ. మగవాళ్ళం అరుగు మీద కూర్చున్నాం. మజ్జిగ తెచ్చిచ్చారు, ఆయన తాగలేదు. ఎండ అరుగు మీద నుంచి వీధిలోకి జారింది. లోపల అరుపులు వినిపించినప్పుడల్లా ఆయన ఆ ఉతికిన పంచె అంచు వేళ్ళకు చుట్టుకునేవాడు, విప్పేవాడు.

చివరికి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆ వెనకే కూతురి గొంతు, నీరసంగా, నీళ్ళు అడుగుతూ. రెండు గొంతులూ వినగానే శెట్టప్ప దండం పెట్టాడు. ఏ దేవుడికో తెలియదు, ఎదురుగా వీధి తప్ప ఏమీ లేదు. ఆయన ముఖం అంత తేటగా ఉండగా నేను ముందెన్నడూ చూడలేదు, ఆ తరవాత కూడా చూడలేదు. నా భుజం పట్టుకుని ఊపేశాడు. "ఏమీ కాలేదు మేష్ట్రప్పా! బుధవారమే! ఉత్తరమే! ఏమీ కాలేదు!"

అప్పుడే ఆ ఇంటి పెద్దావిడ, కూతురి అత్తగారు, తడి చేతులు చెంగుకు తుడుచుకుంటూ గడపలోకి వచ్చింది. సంతోషంతో ఆమెకు మాట తడబడుతోంది.

"ఆడబిడ్డప్పా. తల్లీబిడ్డా బాగుండారు. సమయానికి వచ్చినారు. ఇంకొంచెం ఆలస్యమైంటే ఇద్దురూ దక్కరని చెప్పింది నర్సమ్మ. మీరు ఈ పొద్దే రాబట్టి సరిపాయె."

ఆ మాట మంచి మనసుతో అన్నదే. శెట్టప్ప నవ్వుతూనే విన్నాడు. ఆ నవ్వు కాసేపు ముఖం మీద అలాగే ఉండి, తరవాత పోయింది. నా భుజం మీది చెయ్యి తీసి మెల్లగా అరుగు మీద కూర్చున్నాడు.

ఆ తరవాత ఆయన చాలా ఏళ్ళు బతికాడు. అట్ట గోడ మీదే ఉంది. కానీ నన్ను ఏ నావికుడి వారమూ మళ్ళీ అడగలేదు, సోమవారం పొద్దున నన్ను పరీక్షించలేదు. మెట్టు దగ్గర ఆగి మంచి దినం అడిగినవాళ్ళను, "బస్సు ఎప్పుడుండాదో చూసుకొని పో" అని పంపేసేవాడు. దిక్కుల శెట్టప్పకు మతి చలించిందని ఊళ్ళో కొందరు నవ్వారు. ఏం జరిగిందని నన్ను అడిగినవాళ్ళకు నేనేమీ చెప్పలేదు.

ఆ రోజు అరుగు మీద ఆయన నాతో అన్న మాటను ఎవరితో చెప్పను? లోపల బిడ్డ ఏడుస్తోంది. తాతను రమ్మని, బిడ్డను చూడమని అందరూ పిలుస్తున్నారు. ఆయన వీధి చివర దుమ్ము రేపుకుంటూ చిక్కబళ్ళాపురానికి తిరిగిపోతున్న బస్సును చూస్తూ కూర్చున్నాడు.

"ఆ పొద్దు కూడా ఈ బస్సు ఉండె కదా, మేష్ట్రప్పా" అన్నాడు.